చిన్న ఇంటికి నిండు లెక్క

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు. ఈ రెండు కార్యాలలోను ముందుగా వేసుకొన్న లెక్క ఒకటి, తుదకు తేలిన లెక్క మరొకటి. అయితే పెండ్లి ఒకనాటితో ముగుస్తుంది. తరువాత మిగిలేది దాని అప్పు మాత్రమే. ఇల్లు అట్లా కాదు. గృహప్రవేశం నాటికి ఒక రకం ఖర్చు ముగిసి, రెండవ రకం ఖర్చు మొదలవుతుంది. ఈ రెండవ రకం ఖర్చును ఎవరూ కాగితం మీద పెట్టరు. చిన్న సంసారాలు సొంత ఇంటిలో కాలుపెట్టి కూడా నెమ్మది లేక బాధపడడానికి ముఖ్యకారణం ఇదే.

ఈ ప్రసంగంలో నేను మేడలను గురించి మాట్లాడబోవడం లేదు. ఒక సెంటు నేలలో, అంటే 48 గజాల చిల్లర స్థలంలో, రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక స్నానాలగది కట్టుకొని తలదాచుకొందామని కోరే గృహస్థుల సంగతి మాట్లాడతాను. ఇల్లు చిన్నది గనుక ఖర్చు కూడా చిన్నదే అని వారు నమ్ముతారు. మేస్త్రీ కూడా అట్లాగే చెబుతాడు. అది సగమే నిజం. తక్కిన సగం ఏమిటో చెప్పడమే నా ఉద్దేశం.

చిన్న ఇంటికి లెక్క వ్రాసినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు అమెరికా దేశస్థుడైన హెన్రీ డేవిడ్ థోరో. ఆయన 1845లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ ఊరికి దగ్గరగా, వాల్డెన్ అనే కొలను ఒడ్డున, 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల ఒంటిగది ఇల్లు కట్టుకొని, ఆ యేడు జూలై 4వ తేదీన అందులో ప్రవేశించాడు. ఆయన చూపిన ఖర్చు మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. బల్లచెక్కలకు 8 డాలర్ల మూడున్నర సెంట్లు, వేయి పాత ఇటుకలకు 4 డాలర్లు, మేకులకు 3 డాలర్ల 90 సెంట్లు అని పద్దులు వ్రాసి, సుద్దముక్కకు అయిన ఒక్క సెంటును కూడా విడిచిపెట్టలేదు. పద్దు వ్రాయడంలో ఆయన మనకు గురువనే చెప్పాలి. కాని ఆ పట్టీలో రెండు పద్దులు లేవు. నేల ఆయనది కాదు, మిత్రుడైన ఎమర్సన్‌ది. కూలి ఇవ్వలేదు, పని చాలవరకు తానే చేసుకొన్నాడు. ఆ సంగతి ఆయన దాచలేదు. అయితే లోకం 28 డాలర్లను జ్ఞాపకం పెట్టుకొని, నేలను, కూలిని మరచిపోయింది.

ఆ దేశంలోనే ఈ కాలంలో చిన్న ఇండ్ల మీద మక్కువ మళ్ళీ పెరిగింది. 400 చదరపు అడుగులకు మించని ఇండ్లకోసం 2018 నాటి నమూనా గృహనిర్మాణ నియమావళిలో వేరుగా ఒక అనుబంధమే చేర్చారు. కొందరు చక్రాల బండి మీద ఇల్లు కట్టించుకొంటారు. ఇల్లు చౌకగానే వస్తుంది. కాని దానిని నిలుపుకొనే నేలకు అద్దె, నీటికి, మురుగుకు ఏర్పాట్లు, భీమా, ఇవన్నీ తరువాత ఒక్కొక్కటిగా ఎదురవుతవి. అక్కడి సెంటు నాణెం, మన సెంటు నేల. అయినా పాఠం ఒక్కటే. లెక్కలో కనిపించని పద్దు ఖర్చు కాకుండా పోదు.

ఇక మన ఇంటికి వద్దాం. కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో, నాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. భర్త ధాన్యపు మిల్లులో గుమాస్తా. భార్య ఇంటివద్ద కుట్టుపని చేస్తుంది. ఇద్దరు పిల్లలు. నెలకు 5,000 రూపాయల అద్దె ఇంటిలో ఉండేవారు. తండ్రి ఇచ్చిన సెంటు నేల ఒకటి ఉన్నది. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు తలపెట్టారు. అడుగుకు 2,000 రూపాయల చొప్పున మేస్త్రీ గుత్త చెప్పాడు. మొత్తం 6,80,000 రూపాయలు. బ్యాంకు 6 లక్షలు అప్పు ఇస్తానన్నది. చేతిలో 80,000 ఉన్నవి. లెక్క అచ్చంగా సరిపోయింది. సరిపోయిందన్న సంతోషంతో శంకుస్థాపన చేశారు.

స్లాబు పడిన నాలుగు నెలలకు ఆ దంపతులు నా వద్దకు వచ్చారు. నేను చాలకాలం కట్టడాల లెక్కలు చూచినవాణ్ణి గనుక సలహాకోసం వచ్చారు. ఇంటికి తలుపులు లేవు, కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. ఆమె మెడలో పసుపుతాడు తప్ప బంగారం లేదు. ఉన్నది బ్యాంకులో తాకట్టులో ఉన్నది. అది చాలక లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చారు. 

"ఇల్లు చిన్నదే గదండీ, ఇంత డబ్బు ఎక్కడికి పోయింది?" అని అతడు అడిగాడు. 

"బాబాయిగారూ, మేము ఒక్క రూపాయి కూడా దుబారా చేయలేదు" అని ఆమె అన్నది. 

ఆ మాట నిజం. వారు దుబారా చేయలేదు. లెక్క వేయలేదు, అంతే. ఆ సాయంకాలం ఒక నోటుపుస్తకం తీసి ముగ్గురం కూర్చొని వ్రాసిన లెక్కనే మీకు మనవి చేస్తున్నాను. అంకెలు ఆ ఊరివి, ఆ ఇంటివి. మీ ఊరిలో, మీ నేలలో ఇవి మారుతవి. కాని పద్దుల పేర్లు మారవు.

మొదట ఒక చిన్న గణితం. పది అడుగుల చదరపు గదిని తీసుకోండి. దాని నేల 100 చదరపు అడుగులు. చుట్టూ గోడ 40 అడుగులు. ఇరవై అడుగుల చదరపు గది అయితే నేల 400 చదరపు అడుగులు. గోడ 80 అడుగులు. అంటే నేల నాలుగింతలు పెరిగితే గోడ రెండింతలే పెరిగింది. ఇల్లు చిన్నదైనకొద్దీ ప్రతి చదరపు అడుగుకు పడే గోడ ఎక్కువవుతుందన్నమాట. ఇంక కొన్ని ఖర్చులు ఇంటి కొలతను అసలే ఎరుగవు. ఆరు గదుల ఇంటికి ఒక విద్యుత్తు మీటరు, రెండు గదుల ఇంటికీ ఒక మీటరే. నీటి మోటారు, సెప్టిక్ ట్యాంకు, ప్లానుకు అనుమతి, డాబా మెట్లు, వంటింటి గట్టు, ఇవి ఇల్లు సగమైతే సగం కావు. అందుచేత పెద్ద ఇంటికి చెప్పే అడుగు ధరను చిన్న ఇంటికి అన్వయించుకొంటే మోసపోతాము. మోసం చేసేవాడు మేస్త్రీ కాదు, మన భాగహారమే.

మొదటి పద్దు నేల. ఈ దంపతులకు నేల తండ్రి ఇచ్చినది గనుక కొనుగోలు ఖర్చు లేదు. కొనేవారు మాత్రం దస్తావేజు ఖర్చు కూడా నేల ధరలో భాగమేనని గుర్తించాలి. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిసి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఏడున్నర; తెలంగాణలో 2021 జూలై నుండి అంతే. అంటే 4 లక్షల నేలకు 30,000 రూపాయలు. ఈ రేట్లను ప్రభుత్వాలు అప్పుడప్పుడు మారుస్తూ ఉంటవి గనుక కొనేనాటికి కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. ఈసీ తీయించడం, పాత దస్తావేజులు వకీలుకు చూపించడం వృథా వ్యయం కాదు. తగవులో పడిన సెంటు నేలకు అయ్యే ఖర్చు ఏ పుస్తకంలోను ఇమడదు.

ఊరక వచ్చిన నేల కూడా ఊరక ఊరుకోదు. వీరి స్థలం బాటకంటె పల్లం. ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేయడానికి 25,000 అయినవి. పైగా అది నల్లరేగడి. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెరియలిస్తుంది. పైపైన వేసిన పునాదిని ఎత్తి దించి గోడలను చీలుస్తుంది. పునాది లోతుగా దింపి ఇసుక నింపి గట్టి చేయడానికి మరి 40,000 పట్టింది. మేస్త్రీ చెప్పిన 2,000 రూపాయల ధర మామూలు నేలకు. నేలను చూడకుండా చెప్పిన ధర ధర కాదు.

రెండవ పద్దు, గుత్తలో చేరని కట్టుబడి. సెప్టిక్ ట్యాంకు 35,000. కుళాయి కనెక్షను, నీటితొట్టి, మోటారు 30,000. విద్యుత్తు మీటరుకు, డిపాజిట్టుకు 10,000. మెట్లు, డాబా పిట్టగోడ, గేటు 40,000. ప్లాను, అనుమతి, బ్యాంకు కాగితాలు 20,000. నేల మీద పెట్టిన 65,000తో కలిపితే ఈ రెండు పద్దులు 2 లక్షలు. వీనిలో ఒక్కటైనా విలాసవస్తువు ఉన్నదా అంటే లేదు. ఒక్కటి లేకపోయినా ఇంటిలో కాపురం సాగదు. అయినా ఒక్కటీ మొదటి లెక్కలో లేదు. గుత్త మాట్లాడుకొనేనాడు మేస్త్రీని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ధరలో ఏమేమి చేరవు?" అని. చేరేవి అందరూ చెబుతారు. చేరనివి అడిగితేనే తెలుస్తవి. సమాధానాన్ని కాగితం మీద వ్రాయించుకొని ఇద్దరూ సంతకాలు చేయండి.

మూడవ పద్దు కాలం. కాలానికి కూడా ఖరీదు ఉన్నదని ఇల్లు కట్టేవానికి తెలిసినంతగా వేరొకరికి తెలియదు. కట్టుబడి ఆరు నెలలు సాగితే ఆ ఆరు నెలలు అద్దె ఇంటికి అద్దె కట్టవలసిందే. అది 30,000. బ్యాంకువారు అప్పును విడతలు విడతలుగా ఇస్తారు. మొదటి విడత అందిన నాటినుండి వడ్డీ నడుస్తుంది. సగటున 4 లక్షలు ఆరు నెలలు వాడుకొన్నారనుకొంటే, నూటికి ఎనిమిదిన్నర చొప్పున వడ్డీ 17,000. రెండూ కలిపి 47,000. కట్టుబడి ఆలస్యమైన ప్రతి నెలా ఇది పెరుగుతూనే ఉంటుంది.

ప్రభుత్వ సహాయంతో కట్టుకొనేవారు ఈ పద్దును మరింత జాగ్రత్తగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఇళ్ళ స్థలాల పట్టాల పంపిణీ ఆరంభించినప్పుడు పట్టణాలలో సెంటు, పల్లెలలో సెంటున్నర చొప్పున నిర్ణయించి, కట్టుబడికి ఇంటికి 1,80,000 రూపాయల సహాయం ప్రకటించారు. తెలంగాణలో ఇందిరమ్మ ఇండ్ల పథకం కింద ప్రకటించిన 5 లక్షలను నాలుగు దశలుగా విభజించారు: పునాది పూర్తి అయిన తరువాత 1 లక్ష, గోడలు లేచిన తరువాత 1,25,000, స్లాబు పడిన తరువాత 1,75,000, ఇల్లు పూర్తి అయిన తరువాత 1 లక్ష. ఇక్కడ "తరువాత" అన్న మాటను అడుగు గీచి చదవండి. పని అయిన పిదప సొమ్ము వస్తుంది. ఇటుకలవాడు, ఇనుము అమ్మేవాడు, కూలివారు పనికి ముందో పనితోనో సొమ్ము అడుగుతారు. ఈ రెండింటి నడుమ ఉన్న సందును గృహస్థు తన చేతి సొమ్ముతో పూడ్చుకోవాలి. లేనివాడు వడ్డీవ్యాపారి వద్దకు పోతాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే సాలుకు నూటికి ఇరవైనాలుగు. లక్ష రూపాయలు నాలుగు నెలలు వాడుకొంటే 8,000 పోయినట్లే. కనుక ఎంత సహాయం వస్తుందన్న ప్రశ్నతో పాటు, ఎప్పుడు వస్తుందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఒక దశకు సరిపడే సొమ్ము చేత లేకుండా ఆ దశను మొదలుపెట్టరాదు.

గృహప్రవేశానికి, బంధువుల భోజనాలకు ఈ దంపతులు 25,000 అనుకొన్నారు. అనుకోకుండా వచ్చే ఖర్చులకు గుత్త మీద నూటికి పది, అంటే 68,000 విడిగా ఉంచుకోవాలి. ఇసుక దొరక్కపోవడం, సిమెంటు ధర పెరగడం, వానకు పని ఆగడం, ఇవి అనుకోనివి అని పేరేగాని జరగకుండా ఉండవు.

ఇప్పుడు కూడి చూద్దాం. గుత్త 6,80,000. నేల, గుత్తలో చేరనివి 2,00,000. కాలం 47,000. గృహప్రవేశం 25,000. అనుకోని ఖర్చులు 68,000. మొత్తం 10,20,000. మేస్త్రీ చెప్పినదానికి సరిగా ఒకటిన్నర రెట్లు. ఈ అంకెను చూచి ఆ గుమాస్తా చాలసేపు మాట్లాడలేదు. "ఇది ముందే తెలిసి ఉంటే కట్టకపోదుమా?" అని తుదకు భార్యను అడిగాడు. "కట్టేవాళ్ళమే. రెండేళ్ళు ఆగి కట్టేవాళ్ళం. నా గొలుసు నా మెడలోనే ఉండేది" అని ఆమె అన్నది. నిండు లెక్క ఎందుకు వేయాలన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానం నేను చెప్పలేను. ఆ లెక్క వేసేది ఇల్లు మానుకోవడానికి కాదు, ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి.

నాలుగవ పద్దు అప్పు. 6 లక్షల రూపాయలు, వడ్డీ నూటికి ఎనిమిదిన్నర, గడువు పదిహేనేండ్లు అనుకొందాం. నెలకు వాయిదా 5,908 రూపాయలు. పదిహేనేండ్లకు చెల్లించేది సుమారు 10,63,500. అదే అప్పును ఇరవైయేండ్లకు పెట్టుకొంటే వాయిదా 5,207. చెల్లించేది సుమారు 12,49,700. నెలకు 701 రూపాయలు తేలిక అవుతుంది. మొత్తం మీద 1,86,000 బరువు అవుతుంది. ఏది మంచిది? ఆ 701 రూపాయలకోసం పిల్లల ఫీజు ఆగిపోయే సంసారమైతే ఇరవైయేండ్లే మంచిది. ఆగని సంసారమైతే పదిహేనే మంచిది. వడ్డీరేటు మారే అప్పు అయితే వాయిదా పెరగవచ్చు, లేదా గడువు పెరగవచ్చు. ఏది పెరుగుతుందో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి.

అయిదవ పద్దు, అందరూ మరచే పద్దు, ఏటేటి సంరక్షణ. అద్దె ఇంటిలో కుళాయి కారితే ఇంటివారికి చెబుతాము. సొంత ఇంటిలో ఆ ఇంటివారు మనమే. వెల్లకు, రంగుకు అయిదేండ్లకు ఒకమారు 35,000 అనుకొంటే ఏడాదికి 7,000. మోటారు ఎనిమిదేండ్లు పనిచేస్తే దాని ఖరీదులో ఏడాది వంతు 1,500. డాబా కారకుండా పూతలు వేయించడానికి ఏడేండ్లకు 14,000, అంటే ఏడాదికి 2,000. సెప్టిక్ ట్యాంకు మూడేండ్లకు ఒకమారు తోడించడానికి ఏడాది వంతు 1,000. కుళాయిలు, స్విచ్చులు, తలుపు బందులు, దోమతెరలు 3,000. ఇంటిపన్ను, నీటిపన్ను 2,500. ఇంటి భీమా 1,000. ఇవన్నీ కలిపి ఏడాదికి 18,000, నెలకు 1,500 రూపాయలు.

ఈ 1,500 ప్రతినెలా ఖర్చు కాదు. అదే దీనిలోని ప్రమాదం. నాలుగేండ్లు ఏ ఖర్చూ రాదు. ఇల్లు మనలను ఏమీ అడగడం లేదని మురిసిపోతాము. అయిదవ యేట రంగు, మోటారు, డాబా ఒక్కసారిగా అడుగుతవి. అప్పుడు చేత డబ్బు లేక డాబా పని వాయిదా వేస్తాము. నీరు స్లాబులోకి దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. ఏడేండ్లకు 14,000తో పోయే ఖర్చు, వాయిదా వేసినందుకు దానికి ఎన్నో రెట్లవుతుంది. కాబట్టి అద్దె ఇంటిలో ఉన్నప్పుడు మొదటి తారీఖున అద్దె ఇచ్చినట్లే, సొంత ఇంటికి కూడా మొదటి తారీఖున ఆ 1,500 అద్దెగా ఇవ్వండి. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఇంటి పేర వేరుగా ఒక పొదుపు ఖాతా తెరవండి. పండుగకైనా, పెండ్లికైనా ఆ ఖాతాను ముట్టకండి. అది మీ సొమ్ము కాదు, ఇంటి సొమ్ము.

ఇక అద్దెతో పోల్చి చూద్దాం. వాయిదా 5,908, ఇంటి ఖాతాకు 1,500, కలిపి నెలకు చేతినుండి పోయేది 7,408. వెనుకటి అద్దె 5,000. ఇంకొక సూక్ష్మం కూడా ఉన్నది. మొత్తం 10,20,000లో అప్పు 6 లక్షలు పోగా మిగిలిన 4,20,000 మన సొంత సొమ్ము. అది బ్యాంకులో ఉంటే నూటికి ఆరు చొప్పున నెలకు 2,100 వడ్డీ వచ్చేది. ఆ వడ్డీని కూడా ఇల్లే తింటున్నది. మొదటి నెల వాయిదాలో వడ్డీ 4,250, అసలు 1,658. అసలు మనకు పొదుపే గనుక దానిని విడిచిపెడితే, వడ్డీ 4,250, సంరక్షణ 1,500, పోయిన వడ్డీ 2,100, వెరసి 7,850. అంటే మొదటి యేట సొంత ఇంటి నిజమైన ఖరీదు అద్దెకంటె నెలకు 2,850 ఎక్కువ.

అయితే ఇల్లు కట్టవద్దని నా తాత్పర్యమా? కాదు. అద్దె నిలిచి ఉండదు. ఏటా నూటికి అయిదు పెరిగితే నేటి 5,000 పదునాలుగు పదిహేనేండ్లకు 10,000 అవుతుంది. వాయిదా అంతగా పెరగదు. పదిహేనవ యేట అది ముగిసే పోతుంది. ఆనాటినుండి ఆ ఇంటికి అయ్యేది సంరక్షణ వ్యయమే. పైగా ఇల్లు ఖాళీ చేయమనేవారు ఉండరు. పిల్లలు నడిబడిలో బడి మారనక్కరలేదు. కుట్టుమిషను కిటికీ దగ్గర వేసుకోవచ్చునా అని ఎవరినీ అడగనక్కరలేదు. వీనికి అంకెలు లేవు, విలువ ఉన్నది. కాని ఆ సుఖం పదిహేనవ యేట మొదలవుతుంది. మొదటి అయిదారేండ్లు ఓర్చుకోగల శక్తి సంసారానికి ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానిని పరీక్షించడానికి ఒక మార్గం ఉన్నది. ఇల్లు మొదలుపెట్టడానికి ముందు ఒక సంవత్సరం, అద్దె పోగా మిగతా 2,408 రూపాయలను ప్రతినెలా తప్పకుండా పొదుపులో వేసి చూడండి. పన్నెండు నెలలు తప్పకుండా వేయగలిగితే మీరు ఆ ఇంటిని మోయగలరు. నాలుగవ నెలలోనే తప్పితే, ఇల్లు ఇంకా పెద్దదన్నమాట. వేసిన సొమ్ము మాత్రం ఎక్కడికీ పోదు, 28,896 రూపాయలు మీ చేతనే ఉంటవి.

పొదుపు ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయరాదో రెండు మాటలు చెప్పి ముగిస్తాను. పునాదిలో, ఇనుములో, విద్యుత్తు తీగలలో, ఎర్తింగులో, గోడలలో దాగే గొట్టాలలో పొదుపు చేయకండి. ఇవి మళ్ళీ విప్పి చూచేవి కావు. స్లాబుకు పది పదునాలుగు రోజులు నీరు కట్టడం అన్నింటికంటె చౌకైన పని, అన్నింటికంటె ఎక్కువగా నిర్లక్ష్యం చేసే పని. డాబాకు నీరు పోయే వాలు సరిగా ఉన్నదో లేదో బక్కెటెడు నీరు పోసి చూచుకోండి. గోడలలో మాత్రం పొదుపుకు చోటు ఉన్నది. కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్, ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ విడిచే గోడను విస్తారంగా వాడాడు. మామూలు తొమ్మిదంగుళాల గోడకంటె ఇటుకలు నాలుగవ వంతు వరకు తగ్గుతవి; లోపలి ఖాళీ ఎండ వేడిమిని కూడా కొంత ఆపుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరికితేనే చేయించాలి. టైల్సు, రంగులు, గేటుమీది నగిషీలు, ఇవన్నీ తరువాత చేసుకోవచ్చును. వేచి ఉండగలిగిన పనులను వేచి ఉండనిస్తే అప్పు తగ్గుతుంది.

ఆ దంపతులకు ఆ సాయంకాలం నేను చెప్పినది ఇదే. తలుపులు, స్నానాలగది, విద్యుత్తు, నీరు, ఈ నాలుగు ముందు పూర్తి చేయండి. బయటి పూత, టైల్సు ఆపండి. సిమెంటు నేలమీదనే కాపురానికి రండి అన్నాను. గృహప్రవేశానికి అనుకొన్న 25,000 తలుపులకు పోయింది. పాలు పొంగించి, ఇంటివారు నలుగురు, నేను కలిసి పరమాన్నం తిన్నాము. అద్దె ఆగిపోయిన మొదటి నెలనుండి ఆ 5,000 రెండు రూపాయల వడ్డీ అప్పుకు కట్టడం మొదలుపెట్టారు. అది తీరిన తరువాత గొలుసు విడిపించుకొన్నారు. టైల్సు ఇంకా వేయలేదు. గోడకు తగిలించిన ఒక నోటుపుస్తకంలో మాత్రం ఇంటి ఖాతా పద్దు నెలనెలా పడుతున్నది. మొన్న నేను వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి దానిని తెచ్చి చూపింది. అందులో కుళాయి వాషరుకు అయిన 10 రూపాయలు కూడా వ్రాసి ఉన్నవి.

ఇల్లు తలపెట్టిన గృహస్థులారా, మేస్త్రీని పిలవడానికి ముందు ఇంటిల్లిపాది కూర్చొని ఒక కాగితం మీద ఈ అయిదు పద్దులు వ్రాసుకోండి: నేల, గుత్తతో పాటు గుత్తలో చేరనివి, కాలం, అప్పు, ఏటేటి సంరక్షణ. ఒక్కొక్కదాని ఎదుట మీ ఊరి అంకె వేయండి. ఏ అంకె తెలియకపోతే అది తెలిసేవరకు పార పట్టకండి. చిన్న ఇంటికి నిండు లెక్క వేసుకొన్నవారు ఆ ఇంటిలో నిశ్చింతగా నిద్రపోతారు.